ఉత్తరాల విడిదిలో గదుల లెక్క

ఫైల్ సిస్టమ్ డిస్కును సమానమైన గదులుగా విడగొడుతుంది. ఒక్కో గదిని బ్లాక్ అంటారు. లినక్స్‌లో ఎక్స్‌ట్4 వంటి వాటికి ఈ గది కొలత మామూలుగా 1024, 2048, 4096 బైట్లలో ఏదో ఒకటి. ఫార్మాట్ చేసేనాడే తేల్చుకోవాలి. తరువాత మనసు మారితే సామానంతా దించి, ఇల్లు కడిగి, మళ్లీ ఎక్కించాలి. గదులిచ్చే పద్ధతి అచ్చం పెళ్లి విడిదిదే. లోపల ఎందరు దిగినా గది మొత్తం వాళ్లదే, మిగిలిన మంచాలు పక్కవాళ్లకు ఇవ్వరు. 4096 బైట్ల గదుల్లో 4100 బైట్ల ఈమెయిల్ ఉత్తరం దిగిందంటే రెండు గదులు పోతాయి. రెండో దాంట్లో నాలుగే నాలుగు బైట్లు కాళ్లు బారజాపుకొని పడుకుంటాయి.

ఫైలు మరీ చిన్నదైతే గది దాదాపు అంతా వృథాయే. అదృష్టమేమిటంటే మెయిల్ ఎప్పుడూ అంత చిన్నది కాదు. ‘సరే’ అని రెండక్షరాల జవాబు పంపినా, దాని నెత్తిన ఏ సర్వర్ నుంచి ఏ సర్వర్‌కు ఏ క్షణాన చేరిందో చెప్పే హెడర్లు బారులు తీరుతాయి. శుభలేఖలో ముహూర్తం ఒక్క వాక్యం, ఆహ్వానించేవారి పేర్లు పేజీడు ఉన్నట్టే.

గదుల పేచీ పాతది. 1984లో మెక్‌కుసిక్, జాయ్, లెఫ్లర్, ఫాబ్రీ బర్కిలీ యూనిక్స్‌లో లెక్క కట్టి చూస్తే, 512 బైట్ల బ్లాకులతో 6.9 శాతం జాగా వృథా అయ్యేచోట 4096 బైట్లతో 45.6 శాతం పోయింది. పెద్ద బ్లాకుల వేగమూ కావాలి, వృథా కాకూడదు. అందుకని పెద్ద గదికి తడికలు కట్టి, ఫైళ్ల తోకలను ఆ అరల్లో సర్దారు. ఆ అరలకు వాళ్లు పెట్టిన పేరు ఫ్రాగ్మెంట్లు. నేటి సర్వర్ నిర్వాహకుడు ఉలిక్కిపడే మాట అక్కడ మందు పేరన్నమాట.

అతణ్ని భయపెట్టేది వేరే రకం: ఒకే ఫైల్ ముక్కలు డిస్కంతా చెదిరిపోవడం. ఉత్తరాలన్నిటినీ ఒకే ఫైల్లో కుట్టే ఎంబాక్స్ పద్ధతిలో ఈ జబ్బు ముదురుతుంది. వందమంది పెట్టెలు రోజంతా తలా కాస్త పెరుగుతుంటాయి. బస్సు బస్సుకీ దిగే చుట్టాల్లా ఎవరికి ఏ గది దొరికితే అందులో దూరతారు. సాయంత్రం మేనత్తగారి బలగాన్నంతా కాఫీకి పిలవాలంటే కుర్రాడు నాలుగంతస్తులూ తిరగాలి. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కులో సగటున అర చుట్టు ఎదురుచూపే దాదాపు 4 మిల్లీసెకన్లు. తల జరిగే సమయం దానికి అదనం. ఎక్స్‌ట్4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఇక్కడ పెద్దరికం చూపిస్తాయి. ఎంతమంది వస్తారో కాసేపు చూసి, అప్పుడు వరసగా గదులిస్తాయి.

డి.జె. బెర్న్‌స్టైన్ క్యూమెయిల్‌తో తెచ్చిన మెయిల్‌డిర్ పద్ధతిలో ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైల్. చాలా ఉత్తరాలు ఒకటి రెండు బ్లాకుల్లో ఒదిగిపోతాయి. ఒక్కడే ఉన్న కుటుంబంలో వేరు కాపురాలెక్కడివి? ఇక్కడ చెదిరేది ఉత్తరం కాదు, ఫోల్డర్. అందుకే ప్రతి గది తలుపూ తట్టే పని లేకుండా డవ్‌కాట్ వంటి మెయిల్ సర్వర్లు ఇండెక్స్ ఫైళ్లు పెట్టుకుంటాయి.

మరి జాగా మిగల్చడానికి 1024 ఎంచుకుంటే? ఫైలుకి సగటున అర బ్లాకు వృథా అనుకున్నా, 10 లక్షల ఉత్తరాలకు మిగిలేది సుమారు 1.5 జీబీ. ఒక పెళ్లి వీడియో అంత. దానికోసం బ్లాకుల పద్దు నాలుగింతలు మోయడం పిసినారితనం కూడా కాదు, చాదస్తం.

అసలు గొయ్యి మరోచోట ఉంది. ప్రతి ఫైలుకూ ఒక ఐనోడ్ కావాలి. అది విడిది రిజిస్టర్లో ఒక వరస. ఎక్స్‌ట్4 మామూలుగా 16,384 బైట్లకు ఒకటి చొప్పున ఇస్తుంది. 100 జీబీ డిస్కుకు 65,53,600. ఉత్తరాలన్నీ 5 కేబీవి అయితే ఒక్కోటీ రెండు బ్లాకులు తింటుంది. రిజిస్టర్ నిండేసరికి డిస్కు సగమే నిండుతుంది. ‘జాగా లేదు’ అని సర్వర్ మొరాయిస్తుంది, 50 జీబీ ఖాళీగా ఈగలు తోలుకుంటూ ఉంటుంది. ఈ సంఖ్య కూడా ఫార్మాట్ నాటిదే. డిస్కును పొడిగిస్తే తప్ప పెరగదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే అవసరాన్నిబట్టి పేజీలు కుట్టుకుంటుంది.

కాబట్టి మెయిల్ సర్వర్‌కు బ్లాకు 4096 ఉంచి, ఎక్స్‌ట్4 అయితే ఐనోడ్ నిష్పత్తిని 8192కో 4096కో దించుకోవడం మేలు. ఖాళీ జాగా ఎంతో డీఎఫ్ ఆజ్ఞ తానే చెబుతుంది; ఐనోడ్లు ఎన్ని మిగిలాయో చెప్పాలంటే మాత్రం దాని పక్కన ‘-ఐ’ తగిలించి అడగాలి.