గాలికి పుట్టిన గుర్రాలు

సూపర్‌చార్జర్ ఇంజన్‌లోకి అదనపు గాలిని కుక్కే యంత్రం. ఇంజన్ శక్తిలోనే కొంత తిని, అంతకు మించి తిరిగిస్తుంది. నాయకులతో దీనికి పోలిక కుదరనిది ఇక్కడే. అయిదు లీటర్ల ఇంజన్ ఉన్న ఫోర్డ్ మస్టాంగ్ కారుకు బిగిస్తే దాని శక్తి 700 గుర్రాలు (హార్స్‌పవర్) దాటవచ్చు. గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలి, ఇంజెక్టర్లూ మారాలి, పర్సూ కరగాలి. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదంటుంది మోటారు వాహన చట్టం 52వ సెక్షన్. మారిస్తే 182ఏ కింద యజమానికి ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇన్ని తిప్పలు పడ్డా, నంద్యాల–ఆళ్లగడ్డ మధ్య 40వ నంబరు జాతీయ రహదారి దిగి శిరివెళ్ల ఊళ్లోకి మళ్లితే, ముందున్న వరిగడ్డి ట్రాక్టరు దారి ఇచ్చేదాకా ఏడొందల గుర్రాలకూ నడకే గతి.