ఏ వేటకా తూటా

నన్ను చేతిలోకి తీసుకున్న ప్రతివాడూ అనే మాట ఒకటుంది. "అబ్బ, ఏం తుపాకి! అడవికోడి దగ్గర్నుంచి మూస్ దాకా దీనికి ఎదురులేదట!" వినడానికి బాగానే ఉంటుంది గానీ ఆ పొగడ్త నాది కాదు. కడుపులో ఏది పెడితే దాన్ని కక్కడం తప్ప నాకు వేరే విద్య రాదు. పెట్టింది ఎవరు, ఎంత కొలిచి పెట్టారు అన్నదాంట్లోనే ఉంది కథంతా.

నేను పుట్టింది అమెరికాలో, కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూహేవెన్‌లో, 1951లో. ఇంటిపేరు వించెస్టర్, పేరు మోడల్ 70. వాల్‌నట్ కర్ర మడమ, ఇరవై నాలుగు అంగుళాల గొట్టం, పొట్టలో ఐదు తూటాలకి చోటు. నేను తినే తూటాని థర్టీ ఆట్ సిక్స్ అంటారు. ముప్ఫై అంటే గొట్టం వ్యాసం, అంగుళంలో నూటికి ముప్ఫై వంతులు. ఆరు అంటే 1906. నిజానికి 1903లోనే అమెరికా సైన్యం 220 గ్రెయిన్ల మొద్దుముక్కు గుండుతో దీని అన్నని తెచ్చింది. ఈలోగా జర్మన్లు తేలికైన సూదిముక్కు గుండు తెచ్చేసరికి వీళ్లు కంగారుపడి 150 గ్రెయిన్ల సూదిగుండుకి మారారు. అంటే ఒకే బోరులో బరువు గుండా, తేలిక గుండా అన్న తగువు నాకంటే దాదాపు యాభై ఏళ్లు పెద్దది.

గ్రెయిన్ అంటే ఏమిటో చెప్పలేదు కదూ. పౌనుకి ఏడువేల గ్రెయిన్లు. కంసాలి త్రాసు చూసినవాళ్లకి చెప్పాలంటే గురివింద గింజ బరువులో సుమారు సగం. నా యజమాని బతుకంతా ఆ అర గురివింద చుట్టూనే తిరిగింది.

ఆయన మోంటానా రాష్ట్రంలో లూయిస్‌టౌన్ పక్కన గోధుమ రైతు. దక్షిణాన బిగ్ స్నోయీ కొండలు, ఉత్తరాన మిస్సోరీ నది కోసేసిన బ్రేక్స్ అనే లోయలు, తూర్పున గడ్డి మైదానం. కొండల్లో ఎల్క్, అంటే మన కణుజుకి పెద్దన్న లాంటిది. లోయల్లో మ్యూల్ డీర్ దుప్పులు. మైదానంలో ప్రాంగ్‌హార్న్ జింకలు. పచ్చిక బీళ్ల నిండా బొరియలు తవ్వి పశువుల కాళ్లు విరగ్గొట్టే నేల ఉడుతలు. ఒక్కోదానికి ఒక్కో తుపాకి కొనే స్తోమత ఆయనకి లేదు. గోధుమ ధర పడిపోయిన ఏడు కొట్టు తూటాలు కొనడానికే వెనకాడేవాడు. అందుకని పశువుల కొట్టం పక్క గదిలో బల్ల వేసి, దానికో ప్రెస్ బిగించి, తూటాలు తనే కట్టుకోవడం మొదలెట్టాడు.

ఆ రోజుల్లో ఊరూరా ఇదే పని. రెండో ప్రపంచ యుద్ధంలో మిగిలిపోయిన మందుని కాన్సస్‌లో బ్రూస్ హాడ్జ్‌డన్ అనే ఆయన టోకున కొని చవగ్గా అమ్ముతుండేవాడు. గుండ్లకి నెబ్రాస్కాలో హార్నడీ, ఐడహోలో స్పియర్. అచ్చులకి కాలిఫోర్నియా నుంచి ఆర్‌సీబీఎస్. ఆ పొడి అక్షరాల వెనక ఓ కొండ ఉడుత ఉందంటే నమ్మరు. రాక్‌చక్ అనే ఆ జంతువుని కొట్టే గుండ్లు తయారుచేసే అచ్చుతోనే ఆ కంపెనీ పుట్టింది.

చలికాలం రాత్రుళ్లు నన్ను గోడకి ఆనించి ఆయన పని చేసుకుంటుంటే చూస్తూ ఉండేదాన్ని. కాల్చేసిన ఇత్తడి డొల్లకి వేలితో జిడ్డు రాసి అచ్చులోకి నెట్టేవాడు. ఉబ్బిన డొల్ల మళ్లీ కొలతకొచ్చేది, అడుగున మందుని అంటించే ప్రైమర్, కాలి చచ్చినది, టప్పున రాలిపడేది. సాగిన మెడని కత్తిరించి కొత్త ప్రైమర్ అదిమేవాడు. ఆ తర్వాత త్రాసు. తుపాకి మందు అంటే నల్లటి పొడి అనుకుంటారు గానీ ఆయన వాడింది చీపురు పుల్లల్ని ఆవగింజంత ముక్కలుగా తరిగినట్టుండేది. తక్కెడ ముల్లు గీతకి రెండు వెంట్రుకల దూరంలో ఉండగా చిటికెడు తీసి, వేళ్లు నలుపుతూ ఒక్కొక్క ముక్కే వదిలేవాడు. ఆ వేళలో ఎవరైనా పలకరిస్తే జవాబుండదు. ముల్లు నిలిచాక గరాటాలో పోసి, పైన గుండు నిలబెట్టి ప్రెస్ పిడి దించితే తూటా తయారు.

అలా నాకు ఐదు రకాల భోజనం అలవాటైంది. నేల ఉడుతలకీ కొయోటీ అనే అడవి నక్కలకీ 110 గ్రెయిన్ల గుండు, సెకనుకి 3,300 అడుగులు. ఉడుత మీదకి నన్ను ఎక్కుపెట్టడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే, కానీ ఆయనకది గురి సాధన. జింకలకీ దుప్పులకీ 150, దాని పరుగు 2,900. ఎల్క్‌కి 180, అది 2,700. ఒకే ఒక్కసారి, 1958లో, బ్రిటిష్ కొలంబియాకి మూస్ అనే భారీ దుప్పి వేటకి వెళ్తూ 220 కట్టాడు. ఇక ఐదోది నాకు ముద్దు. టైరు షాపులో పారేసిన చక్రాల సీసం కరిగించి మూసలో పోసి, పిసరు మందుతో కొట్టేవాడు. దగ్గుకన్నా కాస్త పెద్ద చప్పుడు. ఎల్క్ వేటకి కొండెక్కినప్పుడు కొమ్మ మీద కూచున్న గ్రౌజ్ అనే అడవికోడిని దాంతో మెడ దగ్గర కొడితే మాంసం పాడవదు, రాత్రి డేరాలో కూరకి లోటుండదు. ఆ మందు డొల్లలో సగం కూడా నిండదు. పొరపాటున రెండుసార్లు పోసినా బయటికి తెలియదు, నేను మాత్రం ముక్కలైపోతాను. అందుకని మందు పోసిన డొల్లలన్నీ వరుసగా నిలబెట్టి టార్చిలైటు వేసి ఒక్కొక్కదాని లోపలికీ తొంగిచూశాకే గుండు పెట్టేవాడు.

భోజనం మారిస్తే నా గురి మారుతుందని మొదట్లో ఆయనకి తెలియదు. పేలిన క్షణంలో నా గొట్టం కొరడాలా వణుకుతుంది. ఏ గుండు ఆ వణుకులో ఎక్కడ బయటపడుతుందో అక్కడికే పోతుంది. 180తో నూరు గజాల దగ్గర నాణెం మీద నాణెం పెట్టినట్టు కొట్టిన నేను, 220తో నాలుగంగుళాలు కిందకీ ఒకటిన్నర ఎడమకీ కొట్టాను. సీసం గుండయితే ఏకంగా అడుగు కిందకి. ఆయన నన్ను అనుమానించాడు, దుర్భిణి మరలు బిగించాడు, తనని తనే తిట్టుకున్నాడు. చివరికి గళ్ల నోటుపుస్తకం కొని ఒక్కో తూటాకి ఒక్కో పేజీ ఇచ్చాడు. మూస్ కోసం వెళ్లే ముందు పదిహేను రోజులు నన్ను 220కి అలవాటు చేశాడు, వచ్చాక మళ్లీ వెనక్కి తిప్పాడు. అన్నిటికీ ఒకే తుపాకి అని గొప్పలు పోయేవాళ్లు ఈ పదిహేను రోజుల సంగతి చెప్పరు.

అజీర్తి కూడా చేసింది ఓసారి. జనవరి చలిలో కొలిచి సరిపెట్టిన 110 తూటాల్ని జులైలో ట్రక్కు బానెట్ మీద ఎండకి పెట్టి ఉడుతల్ని కొట్టడానికి కూచున్నాడు. ఎండకి కాగిన మందు ఒత్తిడి పెంచుతుంది. మూడో తూటాకి నా బోల్టు బిగుసుకుపోయింది. చెక్కసుత్తితో కొడితే గానీ తెరుచుకోలేదు. బయటికొచ్చిన డొల్ల అడుగున ప్రైమర్ అప్పడంలా అణిగిపోయింది. ఆయన ఇంకొక్కటి కూడా కాల్చకుండా ఇంటికొచ్చి మిగిలినవన్నీ విప్పేశాడు.

ఆ దుప్పి సంగతి చెప్పకుండా దాటేయాలని ఉంది, కుదరదు. నవంబరు, తెల్లారలేదు, బ్రేక్స్ లోయలో మంచు. చొక్కా జేబులో 150లు ఉన్నాయనుకుని ఆయన నా పొట్ట నింపాడు. డొల్ల ఒకటే, మెడ ఒకటే, గ్లవ్సు చేతికి ముక్కు తేడా అందలేదు. ఎనభై గజాల్లో మ్యూల్ డీర్ పక్కకి తిరిగి నిలబడింది. భుజం మీద గురి. నా గొట్టం లోపలి మరలో పది అంగుళాలకో చుట్టు. ఆ వేగానికి 110 గుండు సెకనుకి దాదాపు నాలుగువేల చుట్లు తిరుగుతూ పోతుంది. ఉడుతల కోసం పలచటి తొడుగుతో చేసిన గుండు. భుజం ఎముకకి తగలగానే పైపైనే ముక్కలైపోయింది, లోపలికి దిగలేదు. దుప్పి పడింది, లేచింది, మూడు కాళ్ల మీద వాగులోకి దిగిపోయింది. పొద్దు గూకేదాకా మంచులో నెత్తురు చుక్కలు వెతుక్కుంటూ నడిచాం. రెండో గుండుతో పని ముగించేసరికి ఆయన గడ్డం మీద మంచు గడ్డకట్టి ఉంది. ఆ రాత్రి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. మర్నాడు భార్య అలమరలోంచి గోళ్ల రంగు సీసా తెచ్చి, కూచుని, 110 తూటాలన్నిటి ప్రైమర్ మీదా ఎర్ర చుక్క పెట్టాడు. సీసా ఎక్కడుందని ఆవిడ వెతుక్కుంటుంటే కూడా చెప్పలేదు.

గట్టిగుండు పలచగుండు తగువు ఆయనొక్కడిదే కాదు. జాన్ నాస్లర్ అనే ఆయన 1946లో బ్రిటిష్ కొలంబియాలో మూస్‌ని కొడితే గుండ్లు లోపలికి దిగకుండానే చెదిరిపోయాయట. ఆ చిరాకుతో ఆయన గుండు మధ్యలో రాగి అడ్డుగోడ పెట్టాడు. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం గట్టిగా నిలిచి లోపలికి దిగుతుంది. పార్టిషన్ అన్న ఆ గుండుని నా యజమాని ఎల్క్‌కి మాత్రమే వాడేవాడు. ఖరీదెక్కువ.

ఎల్క్ అంటే నవ్వొచ్చే ముచ్చట ఒకటుంది. స్నోయీ కొండల్లో ఓ సాయంత్రం గ్రౌజ్ కనబడితే, పొట్టలో 180లు అలాగే ఉంచి పైన సీసం తూటా ఒకటి పెట్టి బోల్టు మూశాడు. కోడి ఎగిరిపోయింది. అది కూచున్న చెట్టు వెనక నలభై గజాల్లో ఆరు కొమ్మల మగ ఎల్క్ నిలబడి మమ్మల్నే చూస్తోంది. నా గొట్టం గదిలో ఉన్నదేమో కోడి తూటా. కాలిస్తే మళ్లీ ఆ దుప్పి కథే. ఆయన వేలు ట్రిగ్గర్ మీద నుంచి తీసి, పంటి బిగువున బోల్టు లాగాడు. నేనెంత ఓర్చుకున్నా ఇనుము ఇనుమే, చక్‌మంది. సీసం తూటా మంచులో పడింది. తల ఎత్తేసరికి అక్కడ ఊగుతున్న కొమ్మలు తప్ప ఏమీ లేవు. ఆయన నా మడమ మీద అరచేత్తో కొట్టి, ఒక్కడే పడీపడీ నవ్వాడు.

ఆయన పోయాక మనవరాలు నన్ను తీసుకుంది. పన్నెండేళ్లప్పుడు ఆ బల్ల దగ్గరే నిలబడి "తాతా, ఒక్కసారి నేను పోస్తానే" అని గరాటా లాక్కున్న పిల్ల. "ముల్లు నిలిచాకే పొయ్యాలమ్మా, తొందరపడితే పాడు చేస్తావు" అని ఆయన చేయి పట్టుకు ఆపేవాడు. ఇప్పుడామె సీసం ముట్టదు. వేటగాళ్లు కోసి వదిలేసిన పేగుల్లో సీసం ముక్కలు తిని గద్దలు చస్తాయని రాగి గుండ్లకి మారింది. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకి సీసం నిషేధమే. ఇక్కడ ఆ చట్టం లేదు, ఆమె ఇష్టం. రాగి సీసంకన్నా తేలిక కాబట్టి అదే బరువుకి గుండు పొడుగవుతుంది. మళ్లీ కొత్త వణుకు, కొత్త గురి. మొన్న మొదటిసారి ఒకటిన్నర అంగుళాలు కుడికి కొట్టాను. ఆమె దుర్భిణి మర ముట్టుకోలేదు. నోటుపుస్తకం తెరిచి తాత రాత ఆగిన చోట కొత్త పేజీ తీసింది.

సొరుగులో ఆ పాత గోళ్ల రంగు సీసా ఉంది, లోపల ఎండి పెచ్చులు కట్టింది. పక్కన చుట్ట డబ్బాలో ఎర్ర చుక్క తూటాలు పదకొండు మిగిలాయి. ఆమె ఒకటి తీసి దీపం దగ్గర తిప్పి చూసి మళ్లీ డబ్బాలోనే పెట్టింది. తన సంచిలోంచి నీలం సీసా తీసి, మూతి మీద ఊది, రాగి తూటాల అడుగున ఒక్కొక్క చుక్కా పెట్టడం మొదలెట్టింది.