మియాటాను అమ్మకుండా, ఉంచుకోకుండా కాలక్షేపం చేయడం ఎలా?

మీ దగ్గర 1990 నాటి మాజ్దా మియాటా ఉంది. ఎర్ర రంగు, రెండే సీట్లు, స్విచ్చి నొక్కితే పైకి లేచే హెడ్‌లైట్లు. మీరుండేది న్యూజెర్సీలో, ఎడిసన్ దగ్గర. దాన్ని అమ్మాలా, ఉంచుకోవాలా అని కొన్నేళ్లుగా ఆలోచిస్తున్నారు. ఇంకొన్నేళ్లు ఇలాగే ఆలోచించగల ఓపిక మీకుంది. లేనిదల్లా ఒక పద్ధతి. ఆ లోటు తీర్చడానికే ఈ సలహాలు.

మొదటి పని, దాన్ని నడపడం మానేయండి. మైళ్లు పెరిగితే ధర తగ్గుతుంది కాబట్టి గ్యారేజీలో పెట్టి, గుడ్డ కప్పి, తలుపు మూసేయండి. ట్యాంకులో సగం పెట్రోలు అలాగే వదిలేయండి, నెలల తరబడి మురగనివ్వండి. టైర్లు నిలబడ్డచోటే చదునుబడతాయి, బ్రేకులు పట్టేస్తాయి, బ్యాటరీ చస్తుంది. బ్యాటరీ అంటే గుర్తొచ్చింది. ఈ కారులో అది డిక్కీలో ఉంటుంది. అందుకే కంపెనీవాళ్లు సీలు వేసిన ప్రత్యేకమైన రకం ఇచ్చి, ఆవిర్లు బయటికి పోవడానికి సన్నటి గొట్టాలు కూడా పెట్టారు. మీరు మాత్రం చవకగా దొరికిన మామూలు బ్యాటరీ పెట్టి, ఆ గొట్టాలు తగిలించకండి. రేపు డిక్కీ అడుగున ఆసిడ్ తినేసిన రేకు చూసి "పాత కారు కదా, మామూలే" అనుకోవచ్చు. ఈలోగా మీ ఆవిడ నడిపే ఒడిస్సీ బయట మంచులో ఉంటుంది. జనవరి పొద్దున్నే ఆవిడ అద్దం మీది ఐసు గీక్కుంటుంటే, మీరు కిటికీలోంచి చూసి కాఫీ తాగండి. వేడి గ్యారేజీ అవసరం ఏ కారుకి ఎక్కువో ఆవిడకి విడమరచి చెప్పాల్సిన పనిలేదు.

తుప్పు విషయంలో మరీ జాగ్రత్త. అంటే, చూడకుండా ఉండే జాగ్రత్త. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు సంగతి అందరికీ తెలుసు, దాన్ని పక్కనపెడదాం. మడతపెట్టే టాప్ మీద పడ్డ వాన దిగిపోవడానికి సీట్ల వెనక మూలల్లో చెరొక కన్నం ఉంటుంది. వాటిలో ఆకులు, మట్టి నిండనివ్వండి. పోయే దారిలేని నీళ్లు తలుపుల కింది పెట్టెల్లాంటి భాగంలో చేరి, రేకును లోపలినుంచి తినేస్తాయి. బయట పెయింటు బుడగలా లేచేసరికి లోపల తినడానికి పెద్దగా మిగలదు. ఆ బుడగను మెకానిక్‌కి చూపించారో, చెడ్డారు. చూపిస్తే ఖర్చెంతో చెబుతాడు. ఖర్చు తెలిస్తే బాగు చేయించాలో, అమ్మేయాలో తేల్చుకోవాల్సి వస్తుంది. ఇన్నేళ్ల శ్రమ వృథా.

ఎవరైనా సూటిగా అడిగితే ఏం చెప్పాలి? పిల్లాడి కోసం ఉంచానని చెప్పండి. వాడికిప్పుడు ఆరేళ్లు. ఈ రాష్ట్రంలో తోడు లేకుండా నడపాలంటే పదిహేడు నిండాలి. అంటే మీకు పదకొండేళ్ల గడువు ఉచితంగా దొరికింది. అప్పటికి వాడు క్లచ్ అంటే ఏమిటని అడుగుతాడు. అది అప్పటి సంగతి. ఇంకో మంచి జవాబు కూడా ఉంది: "ఇండియా వెళ్లిపోయేటప్పుడు పట్టుకెళతాను." మూడేళ్లు దాటిన పాత కార్లను, ఎడమవైపు స్టీరింగ్ ఉన్నవాటిని ఇండియాలోకి దిగుమతి చేసుకోనివ్వరన్న సంగతి అడిగినవాళ్లలో ఎవరికీ తెలియకపోవచ్చు. విజయవాడ బందరు రోడ్డు మీద టాప్ దించుకుని పోతున్నట్టు ఊహించుకోండి. ఊహలో స్పీడు బ్రేకర్లు ఉండవు.

మీ ఆవిడ అడిగితే మాత్రం ఈ జవాబులు పనికిరావు. దానికి వేరే మార్గముంది. మీ 1990 కారులో ఆయిల్ ప్రెషర్ ముల్లు నిజాయితీగలది, ఇంజను వేగాన్ని బట్టి ఎక్కుతుంది, దిగుతుంది. ఆ ఊగిసలాట చూసి జనం కంగారు పడ్డారో ఏమో, 1995 నుంచి కంపెనీ దాన్ని మార్చేసింది. ప్రెషర్ ఉందంటే చాలు, ఎంతున్నా ముల్లు ఇంచుమించు మధ్యలోనే నిలబడుతుంది. మీరు ఆ రెండో ముల్లుని గురువుగా పెట్టుకోండి. "ఏవండీ, ఆ కారు సంగతి ఏం చేశారు?" అంటే "చూస్తున్నాను" అనండి. అత్తగారు, మామగారు గుంటూరు నుంచి ఆర్నెల్లకని వచ్చి, నెవార్క్ ఎయిర్‌పోర్టులో నాలుగు పెద్ద పెట్టెలతో, ఆవకాయ జాడీతో నిలబడ్డప్పుడు కూడా "చూస్తున్నాను."

ఇరవై అయిదేళ్లు దాటిన కారు కాబట్టి న్యూజెర్సీలో హిస్టారిక్ ప్లేట్లు తీసుకోవచ్చు. అవి ప్రదర్శనలకీ, అలాంటి పనులకే గాని రోజువారీ తిరుగుడుకి కాదని నిబంధన. నడపక తప్పని రోజున మీరు ఆ ప్లేట్లతోనే ఓక్ ట్రీ రోడ్డుకెళ్లి, పక్కసీట్లో బియ్యం బస్తా పెట్టి బెల్టు కట్టి తీసుకురండి. పోలీసు ఆపితే బియ్యాన్ని ప్రదర్శనకు తీసుకెళుతున్నానని చెప్పండి.

ఇక ధర. అసలు విద్య ఇక్కడే ఉంది. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో చూపించిన ఈ కారుకి అమెరికాలో తొలి ధర 13,800 డాలర్లు. జనం ఎగబడటంతో డీలర్లు దాని మీద ఇంకా వేసుకుని అమ్మారు. 1997 దాకా ఈ మొదటి తరం కార్లు నాలుగు లక్షల పైచిలుకు తయారయ్యాయి. మీ ప్రకటనలో మాత్రం "చాలా అరుదు" అని రాయండి. తరవాత, ఎక్కడో ప్లాస్టిక్ కవర్లు తియ్యని సీట్లతో, దాదాపు నడవని కారు వేలంలో ఎంతకి పోయిందో వెతికి, ఆ అంకెను మీ కారు ధర అనుకోండి. దానికి రసీదులన్నీ కలపండి: టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, క్లచ్ స్లేవ్ సిలిండరు, మళ్లీ క్లచ్ స్లేవ్ సిలిండరు, జిప్పు విప్పకుండా టాప్ మడిచినందుకు పగిలిన వెనక ప్లాస్టిక్ కిటికీ. మీరు స్వయంగా చేసుకున్న పనికి ఆఫీసులో క్లయింటుకి వేసే గంట రేటే కట్టండి. మెకానిక్ గంటలో చేసే పని మీకు వారాంతమంతా పట్టింది కాబట్టి మీ రిపేరుకే విలువెక్కువ. ఈ లెక్కన వచ్చే ధరకి ఎవరూ కొనరు. "అమ్మడానికి పెట్టాను, మంచి బేరం రాలేదు" అన్న మాట మీకు దొరుకుతుంది. దానితో రెండు సంక్రాంతులు గడిచిపోతాయి.

మధ్యలో ఒక్క నిజం చెప్పనివ్వండి, సలహాల పుస్తకంలో ఇది ఉండకూడనిదే. అది మంచి కారు. వెయ్యి కిలోలకి కాస్త తక్కువ బరువు, 116 హార్స్‌పవర్, ఇంజను ముందు, డ్రైవు వెనక చక్రాలకి. టైమింగ్ బెల్టు తెగినా వాల్వులు పిస్టన్లకి కొట్టుకోని ఇంజను. మెలికల రోడ్డు మీద నలభై మైళ్ల వేగంలో అది ఇచ్చే సంతోషం, ఇప్పటి పెద్ద కార్లు దానికి రెట్టింపు వేగంలో కూడా ఇవ్వలేవని నా నమ్మకం. చెత్త కారైతే ఎప్పుడో అమ్మేసి ఉండేవారు. ఆదివారం పొద్దున్నే బయటికి తీసి ఓ గంట నడిపితే మీ సందేహం ఎటో ఒకవైపు తేలిపోతుంది. అందుకే నడపొద్దన్నాను.

ఇంత చేసినా, తక్కువ ధర చెప్పకపోయినా, ఒకడు వస్తాడు. వాడు పెయింటు చూడడు. తిన్నగా నేల మీద పడుకుని తలుపు కింది అంచుని వేలితో నొక్కుతాడు. లేచి బానెట్ ఎత్తించి, టార్చిలైటు వేసి, క్రాంక్ పుల్లీ మీది గాట్లు లెక్కపెడతాడు. నాలుగుంటే మొదటి రోజుల పొట్టి క్రాంకు, పుల్లీ బోల్టు వదులైతే క్రాంకే పోతుంది. ఎనిమిదుంటే ఫరవాలేదు. ఇలాంటివాడికి కాఫీ ఇవ్వకండి, ఇంకాసేపు ఉంటాడు. టెస్ట్ డ్రైవ్ మీరే చేయండి, టాప్ దించి, వాణ్ణి పక్కన కూర్చోబెట్టి. దారంతా ఈ కారు ఎందుకు అమ్మకూడదో చెప్పండి. బేరమాడితే మనసు కష్టపెట్టుకోండి. అప్పటికీ వాడు జేబులోంచి క్యాషియర్ చెక్కు తీస్తే, మీ పిల్లాడిని పిలిచి "నాన్న నీ కారు అమ్మేస్తున్నాడురా" అని చెప్పండి. వాడు ఏడిస్తే సరే. "ఐప్యాడ్ కొంటావా?" అంటే ఇక మీ చేతుల్లో ఏమీ లేదు, సంతకం పెట్టేయండి.

ఆ సాయంత్రమే ప్రకటనలు చూడటం మొదలుపెట్టండి. ఎర్రదే చూడండి, ఈసారి 1994 తరవాతి 1.8 లీటర్ల ఇంజనుది. మీరు అమ్మిన ధరకి రెండు వేలు ఎక్కువైనా వెనకాడకండి. కొనేటప్పుడు మాత్రం నేల మీద పడుకుని ఏదీ నొక్కి చూడకండి, బట్టలు మాసిపోతాయి.