పట్టా లేకుండా పట్టభద్రుల ప్రతినిధి కావడం ఎలా?

తమ్ముడూ, డిగ్రీలో ఇంకా రెండు సబ్జెక్టులు మిగిలాయని దిగులు పడుతున్నావట. లీడర్ అవుదామనుకునేవాడికి అదీ ఒక దిగులేనా? తార్నాకలో మెట్రో దిగి జిరాక్స్ షాపు దగ్గరికి రా, చాయ్ తాగుతూ మాట్లాడుకుందాం.

ఎమ్మెల్యే కావాలంటే 25 ఏళ్లు, కౌన్సిల్‌కైతే 30 ఏళ్లు నిండాలంటుంది రాజ్యాంగం. డిగ్రీ ఊసెత్తదు. మెమోలూ టీసీలూ అడిగేది హాస్టల్ గది కోసం పోయినప్పుడు క్లర్కు.

ఎమ్మెల్యే సీటు జోలికి పోకు, ఖర్చెక్కువ. నీకు తగింది పట్టభద్రుల ఎమ్మెల్సీ. నవ్వకు. అందులో ఓటెయ్యాలంటే డిగ్రీ పాసై మూడేళ్లు కావాలి. నిలబడాలంటే అక్కర్లేదు. మద్రాసు కౌన్సిల్ కేసులో సుప్రీంకోర్టు 1972లోనే తేల్చేసింది, అభ్యర్థికి డిగ్రీ ఉండాలని చట్టంలో లేదని. రాష్ట్రంలో ఎక్కడో ఒకచోట ఓటరువైతే చాలు.

అదిగో, మిషన్ దగ్గర నిలబడ్డాయన్ని చూడు. ప్లాస్టిక్ కవర్లో లామినేషన్ అంచులు లేచిన పట్టా, చేతిలో ఫారం 18. గెజిటెడ్ ఆఫీసర్ సంతకం కోసం పొద్దుట్నుంచీ తిరుగుతున్నాడు. పీహెచ్‌డీ అయింది, ఉద్యోగం కాలేదు. ఆయనే నీ ఓటరు. 'అన్నా' అని నమస్తే పెట్టు.

ప్రచారం ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద మొదలుపెట్టు. వెనకాల ఆ గ్రానైట్ కట్టడం ఉంటే ఫొటోలో చదువు దానంతటదే వస్తుంది. చరిత్ర కూడా ఎత్తుకో. 1938లో వందేమాతరం పాడారని ఉస్మానియా బయటికి పంపిన విద్యార్థుల్లో పి.వి. నరసింహారావు ఒకరు. ఆయన నాగపూర్ పోయి చదువుకుని, 1991లో ప్రధాని అయ్యారు. నువ్వు మాత్రం ఆయన్ని వెళ్లగొట్టారనే దాకా చెప్పి ఆపు. నాగపూర్ దాకా పోకు.

'నాయకులకు డిగ్రీ తప్పనిసరి చెయ్యాలి' అని సభలో ఎవరైనా అరిస్తే అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టు. హర్యానా 2015లో పంచాయతీ పోటీకి చదువు నిబంధన పెట్టిందనీ, సుప్రీంకోర్టు సరేనందనీ గుర్తుచెయ్. అది సర్పంచులకు. ఎమ్మెల్యేలకు పెట్టాలంటే చట్టసభలవాళ్లే పూనుకోవాలి కాబట్టి హాయిగా నిద్రపో.

అఫిడవిట్‌లో చదువు గడి ఉంటుంది. 'ఇంటర్' అని నిజమే రాసెయ్. ఎలాగూ ఎవరూ చదవరు.

ఇక నీ ఓటర్ల చదువు సంగతి. 2021లో హైదరాబాద్–రంగారెడ్డి–మహబూబ్‌నగర్ పట్టభద్రుల సీటుకు 93 మంది నిలబడ్డారు. బ్యాలెట్ దినపత్రికంత. గెలిచింది పి.వి. గారి కూతురు సురభి వాణీదేవి. అక్కడిచ్చే ఊదారంగు స్కెచ్ పెన్నుతో నచ్చిన ఒక్కరికెదురుగా 1 అంకె వెయ్యాలి, అంతే పరీక్ష. 20 వేలకు పైగా ఓట్లు చెల్లలేదు. అలాంటివాళ్ల ముందు నీ రెండు సబ్జెక్టులు ఏపాటివి?

గెలిచాక ఆరేళ్లు నిశ్చింత. మళ్లీ ఎన్నికొచ్చేసరికి ఓటర్ల జాబితా మొదట్నుంచీ తయారవుతుంది. ఆ అన్న మళ్లీ ఇదే షాపులో ఫారం 18 పట్టుకుని నిలబడతాడు. కారు ఆపి, ఆయన జిరాక్సులకి డబ్బులు నువ్వే ఇవ్వు.