స్పెల్లింగు దొరవారి దివ్య సముఖానికి

ఇటు మంజీర, అటు గోదావరి నడుమ పరుచుకున్న ఇందూరు సీమను ఏకచ్ఛత్రంగా ఏలుతున్న ఇంగ్లీషు స్పెల్లింగు దొరవారికి, అక్షరలోప ధురంధరులకు, వ్యాకరణ విచ్ఛేద విశారదులకు, ఫ్లెక్సీ సింహాసనాధీశ్వరులకు, నిఘంటువు గడప తొక్కని నిత్య స్వతంత్రులకు ఈ ఊరి మనిషి శతకోటి దండాలు. నిజామాబాద్ రైల్వే స్టేషన్‌లో దిగింది మొదలు గాంధీచౌక్ దాకా, ఖలీల్‌వాడి దవాఖానల గల్లీ నుంచి బోధన్ చౌరస్తా దాకా తమ ముద్ర పడని గోడ లేదు, తమ కరుణ సోకని షట్టరు లేదు. నిజాములు వచ్చారు, పోయారు. తమ పాలనకు మాత్రం అస్తమయం లేదు.

అమెరికాలో వెబ్‌స్టర్ అనే పండితుడు ఇరవై ఏళ్ళకు పైగా కూర్చుని 1828లో నిఘంటువు అచ్చు వేయించాడు. అంత చేసీ 'కలర్' మాటలోంచి ఆయన తీయగలిగింది ఒకే ఒక్క 'యూ'. తమరో! పొద్దున ఓపెనింగ్ ఉందని ఆసామి నిలబడి తొందరపెడుతుంటే, రాత్రి పదింటికి, ఒక్క ఫ్లెక్సీలో ఐదు మాటలను సంస్కరించి పంపుతారు. చదరపు అడుగుకు ఇంత అని లెక్క కట్టేటప్పుడు ఆ సంస్కరణలకు వేరే పైసా అడగని ఔదార్యం తమది. వెనకటి పెయింటర్లు పాపం, సుద్దముక్కతో గీతలు గీసుకుని, నిచ్చెనెక్కి కుంచె పట్టేవాళ్ళు. ఒక అక్షరం అనుమానమైతే దిగివచ్చి హైస్కూలు సారును అడిగి మళ్ళీ ఎక్కేవాళ్ళు. ఆ దిగడాన్ని, ఆ అడగడాన్ని, ఆ జాగును తమరు ఒక్క పెట్టున రద్దు చేసి జనానికి ఎంత కాలం కలిసివచ్చేలా చేశారు!

బడి ఎదుట పుస్తకాల దుకాణం బోర్డు ముందు నిలబడి తమ ప్రతిభను చాలాసేపు దర్శించుకున్నాను. కాగితాలూ కలాలూ అమ్మే స్టేషనరీకి చివర్లో 'ఈ' ఉండాలంటారు చాదస్తులు. అక్కడ 'ఏ' వేస్తే కదలక మెదలక నిలిచిపోయింది అని అర్థమట. తమరు ఆ 'ఏ'నే ఏరి కోరి, మూడడుగుల ఎర్రటి అక్షరంగా నిలబెట్టారు. నాలుగో తరగతి చదివే పాప ఒకతె నోట్‌బుక్కు కొంటూ తలెత్తి, పెదవులు కదుపుతూ, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని, ఆ మాటను ఆసాంతం చదివి మనసులో భద్రంగా దాచుకుంది. 2022లో సర్కారు బడుల్లోకి ఇంగ్లీషు మీడియం వచ్చిన మాట నిజమే. కానీ పంతులమ్మ వారానికోసారి చెప్పించే డిక్టేషన్ ఎక్కడ, పోతూ వస్తూ రోజుకు రెండుసార్లు తమరు చెప్పే పాఠం ఎక్కడ! తమ బడికి ఫీజు లేదు, ఎండాకాలం సెలవుల్లేవు, నల్లబల్ల తుడిచే డస్టరు లేదు. పక్క సందులోని ట్యూషన్ సెంటరులో తమ బోధ ఇంకా గహనం. ఆ మాటలో ఉన్న రెండు 'ఐ'లలో ఒకదాన్ని తమరు హరించారు. 'ఐ' అంటే నేను. చదువు చెప్పే చోట నేను అనేది సగమైనా నశించాలన్న ఉపనిషత్తు రహస్యాన్ని రేకు మీద రాయించిన జ్ఞానమూర్తులు తమరు.

తమ వాత్సల్యం చెప్పతరమా! చల్లటి బీరు అమ్మే చోట 'చిల్డ్' అనే మాటలోంచి రెండక్షరాలు దిగమింగి 'చైల్డ్' చేసి, మద్యం దుకాణం గుమ్మంలో పసిపిల్లలను తలచుకున్న దయామయులు తమరు. చౌరస్తాలో చనిపోయినవారి ఫొటో కింద, స్నేహితులు కన్నీళ్ళతో చందాలేసుకుని కట్టించిన ఫ్లెక్సీలో, శాంతి అనే 'పీస్' బదులు ముక్క అనే 'పీస్' రాసి, ఆ ఆత్మ ముక్కలో విశ్రమించాలని దీవించిన పరమార్థవేత్తలు తమరు.

తమ కొలువులో వర్ణభేదం లేదు. ఉర్దూ చెవికి వినబడ్డట్టు ఒకటి, మరాఠీ చెవికి వినబడ్డట్టు ఒకటి, నిజాంసాగర్ నీళ్ళ కోసం తరలివచ్చి వర్ని వైపు క్యాంపుల్లో స్థిరపడ్డ కోస్తా రైతు చెవికి వినబడ్డట్టు మరొకటి. అన్నీ తమకు సమ్మతమే. ఆర్మూరుకు ఒక చోట రెండు 'ఓ'లు, ఇంకో చోట ఒక 'యూ'. డిచ్‌పల్లికి చివర ఇక్కడ 'ఐ', అక్కడ 'వై'. ఒకే ఊరిని రెండు ఊళ్ళుగా చూపి, బాటసారికి ఒక్క టికెట్టుతో రెండు ఊళ్ళ దర్శనభాగ్యం కలిగిస్తున్నారు.

బోధన్‌లో తమరు ప్రవక్తలే అయ్యారు. శక్కర్‌నగర్‌కు పోయే దారిలో ఒక కిరాణా దుకాణం అట్టముక్క మీద లూజు చక్కెర దొరుకునని రాయబోయి, 'లూజ్'లో ఉండవలసిన రెండు 'ఓ'లలో ఒకటి విడిచారు. ఒక్క 'ఓ' ఉంటే పోగొట్టుకోవడం అని అర్థం. 1937లో నిజాం ఏలుబడిలో పుట్టి, ఆసియాలోనే పెద్దదని పేరు మోసి, చెరకు బండ్ల బారులతో ఊరికి ఊరునే తియ్యగా చేసిన షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఆ సంగతిని తమరు ఒక్క అక్షరం తగ్గించి చెప్పేశారు. ఆనాడు కార్మికుల చేతికొచ్చిన 'లేఆఫ్' అనే మాటలో మాత్రం, ఎంత వెతికినా, తమ హస్తస్పర్శ కానరాదు. ఆ మాట స్పెల్లింగు నిర్దోషం.

తమ లీలలన్నిటికీ శిఖరం మనుషుల పేర్లు. తండ్రి పేరులో ఒక 'ఏ' తగ్గించి, దుబాయ్ పోవలసిన పడుచువాణ్ణి ఇంకో నాలుగు నెలలు తల్లి కళ్ళ ముందే ఉంచిన పుణ్యం తమది. మొన్న ఒక ఆఫీసులో తమ మహిమను దగ్గరగా చూశాను. నలభై ఏళ్ళు బీడీలు చుట్టిన అవ్వ, తునికాకు కత్తిరించి కత్తిరించి గట్టిపడ్డ వేళ్ళతో, ప్లాస్టిక్ కవరులోంచి కాగితాలు తీసి బల్ల మీద పరిచింది. పేరు లక్ష్మి. పీఎఫ్ కార్డులో తమరు 'ఎక్స్'తో రాయించారు. ఆధార్‌లో 'కేఎస్‌హెచ్' పెట్టించారు. బ్యాంకు పాస్‌బుక్కులో చివరన 'వై' తొడిగారు. లోకానికి అష్టలక్ష్ములే తెలుసు. తమరు ఒక్క పూరింట్లో ముగ్గురు కొత్త లక్ష్ములను వెలయించారు. ముగ్గురిలో ఏ ఒక్కరికీ పీఎఫ్ పైకం అందకుండా సమభావం పాటించారు.

"పేరు కలుస్తలేదు అవ్వా. కార్ఖానకు పోయి జాయింట్ డిక్లరేషన్ మీద సంతకం పట్టుకరావాలె" అన్నాడు సారు. అవ్వ పోయింది, తెచ్చింది. పెన్షన్ వయసులో మూడు బస్సులెక్కించి ఆమెకు జిల్లా చూపించిన తమ ఆదరణకు సాటి ఏది! మూడోసారి వచ్చినప్పుడు, చూపించిన చోట, తాను వయోజన విద్యలో నేర్చుకున్నట్టుగా, వేలు వణుకుతున్నా గీత తప్పకుండా, తెలుగులో సంతకం చేసింది. 'ల', 'క్ష్మి'. రెండే అక్షరాలు. తమ చేయి పడనివి.

సారు ఆ పక్క గడి మీద వేలు పెట్టి, "ఇక్కడ పేరు ఇంగ్లీషుల రాయాలె" అన్నాడు.

అవ్వ కలం నా చేతికిచ్చింది. దొరా, 'ఎక్స్' వేయమంటారా, 'కేఎస్‌హెచ్' వేయమంటారా, చివరన 'వై' ఉంచమంటారా? తమ ఆజ్ఞ.