ఆయ్, అంతా ఆటోమేటిక్ అండి!

ముహూర్తాల రోజుల్లో ద్వారకా తిరుమల కొండ కింద పెళ్లికొడుకైనా దొరుకుతాడేమో గాని కల్యాణ మండపం దొరకదు. భీమడోలు మలుపు దగ్గర్నుంచే పెళ్లివారి బస్సులు బారులు తీరతాయి. ఏ హాలు ఎవరికిచ్చాం, పైన గదులెన్ని, అడ్వాన్సెంత, బాకీ ఎంత, ఇదంతా ఒకప్పుడు ఎర్ర అట్ట పుస్తకంలో ఉండేది. రాత్రి దాన్ని బీరువాలో పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని పోయేవాడు గుమాస్తా. ఇప్పుడు కంప్యూటరొచ్చింది. తాళంచెవి పోయి దాని బదులు ఒక మాట వచ్చింది: ఆటోమేటిక్.

ఆ మాట అమ్మే కుర్రాడు ఏలూరు నుంచో తాడేపల్లిగూడెం నుంచో బైకు మీద దిగుతాడు. వీపున ల్యాప్‌టాప్ సంచి, చెవిలో బ్లూటూత్. "ఈ లెక్కలన్నీ పోతే మా గతేంటి బాబూ?" అని ఓనరుగారు అడగ్గానే నవ్వేస్తాడు. "ఆయ్, మీరేం కంగారు పడకండి. డాకర్‌లో పెట్టేశామండి. రోజూ రాత్రి రెండింటికి బ్యాకప్ అదే తీసేసుకుంటుంది. మీరసలు చూడక్కర్లేదు."

మిగతా మాటలన్నీ క్షమించొచ్చు గాని, ఆ చివరి వాక్యాన్ని మాత్రం పట్టుకోవాలి. చూడక్కర్లేదట! ఓనరు ఎలాగూ చూడడు. చూడాల్సిన ఈయన కూడా చూడడని ముందే చెప్పేస్తున్నాడు. మనిషి మర్చిపోతాడు కాబట్టి పనిని యంత్రానికి అప్పజెప్పడంలో తప్పేమీ లేదు. రోజూ పెన్‌డ్రైవులోకి కాపీ చేసుకోమంటే మూడో రోజుకే ఎగ్గొట్టే జాతి మనది. కానీ మనవాళ్లు యంత్రానికి అప్పజెప్పింది కాపీ తీసే పనిని కాదు, ఆ కాపీ గురించి పడాల్సిన బెంగని.

డాకర్ 2013లో లోకంలోకి వచ్చింది. ప్రోగ్రామునీ, దానికి కావలసిన సరంజామానీ కలిపి ఇమేజ్ అనే ఒక మూటగా కడితే, ఆ మూటని ఏ మెషిన్ మీద విప్పినా ఒకేలా నడుస్తుంది. అలా విప్పి నడిపేదాన్ని కంటైనర్ అంటారు. పాతబడితే ఆ కంటైనర్‌ని అవతల పారేసి, కొత్త ఇమేజ్‌తో ఇంకోటి లేపుకోవచ్చు. పారేయడానికి వీలుగా ఉండటమే దాని గొప్పతనం. అలాంటి దాంట్లో మన కుర్రాడు పారేయకూడని వస్తువు దాస్తాడు. బయట డిస్కు మీద ఒక వాల్యూమ్ తగిలించి కాపీల్ని అందులోకి రాయాలి. అది మర్చిపోతే బ్యాకప్ ఫైళ్లన్నీ కంటైనర్ కడుపులోనే పేరుకుంటాయి. ఆర్నెల్ల తర్వాత ఆయనే వచ్చి 'కొత్త వెర్షన్ వేస్తున్నానండి' అని పాత కంటైనర్‌ని తీసేస్తాడు. అందులోని ఆర్నెల్ల కాపీలూ దాంతోపాటే పోతాయి. ఎవరికీ తెలియదు. ఎవరూ చూడక్కర్లేదు కదా!

వాల్యూమ్ సరిగ్గానే తగిలించాడనుకుందాం. రాత్రి రెండు గంటల సంగతికొద్దాం. చాలా ఇమేజ్‌లు పుట్టుకతోనే యూటీసీ కాలంలో నడుస్తాయి, ద్వారకా తిరుమల కాలంలో కాదు. అక్కడ రెండు కొడితే ఇక్కడ ఉదయం ఏడున్నర. రాత్రి పెళ్లివారు గదులు ఖాళీ చేస్తూ, పొద్దుటి పెళ్లివారు దిగుతూ, బిల్లు కోసం కౌంటరు మీద పది చేతులు కొడుతున్న వేళ. సరిగ్గా అప్పుడే డేటాబేస్ మొత్తాన్నీ కాపీ తీయడం మొదలవుతుంది, తెర కదలదు. కౌంటరు అమ్మాయి "నెట్ స్లోగా ఉందండి" అంటుంది. పాపం, నెట్‌కి నోరు లేదు.

అసలు తమాషా లోపలుంది. డేటాబేస్ పాస్‌వర్డుని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా కంటైనర్‌కి ఇస్తాడు కుర్రాడు. చేత్తో నడిపి చూస్తే బ్యాకప్ స్క్రిప్టు చక్కగా పనిచేస్తుంది. కానీ రాత్రిపూట దాన్ని లేపే క్రాన్ ఆ వేరియబుల్స్‌ని తన వెంట తీసుకెళ్లదు. పాస్‌వర్డు లేకుండా తలుపు తడితే డేటాబేస్ పొమ్మంటుంది. డేటాబేస్ కాపీని దించే డంప్ నుంచి ఒక్క అక్షరం రాదు. ఆ శూన్యాన్ని జీజిప్ ఎంతో శ్రద్ధగా కుదించి ఫైలు చేస్తుంది. శూన్యాన్ని కుదిస్తే ఎంతవుతుందో తెలుసా? సరిగ్గా 20 బైట్లు. స్క్రిప్టులో పైప్‌ఫెయిల్ అనే ఒక్క మాట పెట్టకపోతే, డంప్‌నీ జీజిప్‌నీ కలిపే పైపులో చివరివాడైన జీజిప్ గెలిచాడు కాబట్టి మొత్తం పనే గెలిచినట్టు లెక్క. పేరులో తేదీ ఉంటుంది, ఫోల్డర్లో రోజుకో ఫైలు చేరుతుంది. డాష్‌బోర్డు మీద పచ్చ చుక్క.

పైగా మనవాడు పొదుపరి. 'చివరి ఏడు కాపీలు ఉంచు, పాతవి చెరిపెయ్' అని ఇంకో లైను రాసి ఉంటాడు. అది మాత్రం తు.చ. తప్పకుండా పనిచేస్తుంది. మొదటిరోజు చేత్తో తీసిన అసలైన కాపీ ఎనిమిదో నాటికి చెరిగిపోయి, ఏడు శూన్యాలు మిగులుతాయి. జరిగిన ఘోరం క్రాన్‌కి తెలియదా అంటే తెలుసు. ఎర్రర్‌ని ఉత్తరంగా పంపాలని చూస్తుంది. కంటైనర్లో మెయిల్ పంపే ప్రోగ్రామే ఉండదు. దాంతో ఆ ఎర్రర్‌ని అక్కడే పారేసి మరునాడు మళ్లీ రెండింటికి లేస్తుంది.

ఇది మన పల్లెటూరి కుర్రాళ్ల చేతకానితనం అనుకునేరు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే ప్రపంచస్థాయి సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ డైరెక్టరీనే చెరిపేశాడు. సరే, బ్యాకప్‌లున్నాయిగా అని వెళ్లి చూస్తే, కాపీలుండాల్సిన అమెజాన్ బకెట్ ఖాళీ. డేటాబేస్ వెర్షన్ 9.6, డంప్ తీసే ప్రోగ్రాముది 9.2. రెంటికీ పొసగక రోజూ ఫెయిలవుతోంది. ఫెయిలైనట్టు మెయిళ్లూ వెళ్లాయి, కానీ వాటిమీద సరైన ముద్ర లేదని అవతలి సర్వరు తిప్పికొట్టింది. చివరికి వాళ్లని కాపాడిందేమిటి? ప్రమాదానికి ఆరు గంటల ముందు, వేరే పనికోసం, ఒక మనిషి చేత్తో తీసిన స్నాప్‌షాట్. ఆ ఆరు గంటల డేటా మాత్రం దక్కలేదు. ఆటోమేటిక్‌లన్నీ పడుకున్న వేళ మాన్యువల్ ఆదుకుంది.

ఈ కథ చెబితే మన కుర్రాడు తడుముకోడు. "రెండు చోట్ల ఉంచుతామండి. కొండ మీద స్వామివార్లు ఇద్దరు లేరా, అలాగన్నమాట!" అంటాడు. నిజమే, ఒకే విమాన శిఖరం కింద ఇద్దరు మూలవిరాట్టులున్న కోవెల మనది. ద్వారక మహర్షికి పుట్టలో దొరికిన స్వయంభువు ఒకరు, రామానుజులవారు ప్రతిష్ఠించారని చెప్పే నిండు మూర్తి ఇంకొకరు. అయితే నాయనా, ఇద్దరికీ ఏటా వేర్వేరుగా కల్యాణం జరుగుతుంది, వైశాఖంలో ఒకటి, ఆశ్వయుజంలో ఒకటి. రెండో స్వామిని 'ఉన్నారులే' అని వదిలేసినవాడు లేడు. నీ రెండో కాపీని ఏ మాసంలో తెరిచావు?

ఇంతకీ ఆ రెండో చోటు ఎక్కడయ్యా అంటే, అదే బల్ల కింద ఇంకో డిస్కు! 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటరు తగలబడితే, అసలునీ కాపీనీ ఒకే ఆవరణలో పెట్టుకున్నవాళ్లకి రెండూ దక్కలేదు. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియా వాళ్ల డేజాన్ డేటా కేంద్రం కాలినప్పుడు ప్రభుత్వోద్యోగుల ఫైళ్లు 858 టెరాబైట్లు బూడిదయ్యాయి. ఆ నిల్వ మరీ పెద్దదని దానికి బయట కాపీ పెట్టలేదట. కొల్లేటి లంకల్లో వాళ్లనడగండి, ఇలాంటి తర్కానికి నవ్వుతారు. 2024 సెప్టెంబరులో విజయవాడని ముంచిన బుడమేరు కొల్లేటికొచ్చి పడి లంక దారులన్నీ మునిగితే, సామాను అదే ఇంట్లో ఇంకో గదిలోకి మార్చి నిశ్చింతగా కూర్చున్నవాడు ఒక్కడూ లేడు.

కాపీ దక్కినా, తిరిగొచ్చింది సగమే అయితే ఏమవుతుందో మన తెలుగువాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. అన్నమయ్య కీర్తనల్ని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల కోవెల్లోనే అరలో భద్రం చేశారు. శతాబ్దాల తర్వాత 1922 ప్రాంతంలో వెలికి తీస్తే, దొరికిన రేకుల మీద సాహిత్యం ఉంది. రాగాల పేర్లూ ఉన్నాయి. ఎలా పాడేవారో మాత్రం అందులో లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి మహానుభావులు కూర్చుని ఎన్నింటికో మళ్లీ వరసలు కట్టాల్సి వచ్చింది. మన డంప్ కూడా అంతే. బుకింగుల పట్టిక వస్తుంది, అతిథుల ఆధార్ స్కాన్లు రావు. కంటైనర్లని ఎలా లేపాలో చెప్పే కంపోజ్ ఫైలు ఉండదు. ఎన్‌క్రిప్ట్ చేసిన కాపీని విప్పే తాళం ఆ చచ్చిన సర్వర్లోనే ఉంటుంది. ఇక్కడ వరస కట్టడానికి రాళ్లపల్లివారు రారు.

నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, కాపీ పనిచేస్తుందో లేదో పరీక్షించడానికి ఈ కంటైనర్‌ని మించిన సాధనం ఇంతవరకూ రాలేదు. ఖాళీ కంటైనర్ ఒకటి లేపు, రాత్రి కాపీని అందులో పొయ్యి, వచ్చే వైశాఖానికి బుకింగులెన్నో లెక్కపెట్టు, తెర మీద ఉన్న లెక్కతో సరిచూడు, కంటైనర్ని పారెయ్. చిన్న మండపం డేటాకి టీ చల్లారేలోగా అయిపోయే పని. కావాలంటే అదీ క్రాన్‌కే అప్పజెప్పొచ్చు, లెక్క తప్పితే ఓనరు ఫోను మోగేలా. పారేయడానికి పుట్టినదాన్ని పారేసే పనికి వాడక, దాచుకునే బీరువాగా వాడుతున్నారు మనవాళ్లు.

మండపాల ఓనర్లకి నాదొక్కటే మనవి. ఈసారి కుర్రాడు ఆటోమేటిక్ అనగానే టీ ఇప్పించి, "నిన్న రాత్రి కాపీని నీ ల్యాప్‌టాప్‌లో తెరిచి, మాఘమాసం బుకింగులు చూపించు బాబూ" అనండి. బ్లూటూత్ తీసి జేబులో పెట్టుకుంటాడు. తర్వాత కొటేషన్ రెండో పేజీ అడుగున, సన్నక్షరాల్లో ఉన్న లైను చూపిస్తాడు: 'రిస్టోర్ సర్వీసు అవసరమైన యెడల చార్జీలు అదనం. ఫలితానికి కంపెనీ బాధ్యత లేదు. జీఎస్టీ 18 శాతం.'