చక్రాల మీద గోడను

గోడలకు చెవులుంటాయంటారు. నాకు చక్రాలు కూడా ఉన్నాయి. రెండు పక్కలా ఎనిమిదడుగుల ప్లైవుడ్డు, మధ్యలో రీపర్ల చట్రం, కింద నాలుగు చక్రాలు. వాటిలో ఒకటి ఎప్పుడూ మొరాయిస్తుంది. గోదావరి జిల్లాల్లో ఓ చిన్న ఊరి మ్యూజియంలో నా కొలువు.

ఇక్కడ ఇటుక గోడలు నాలుగున్నాయి. వాటి మీద బొమ్మలు ఎప్పుడు చూసినా అవే. ఊళ్లోవాళ్లు ఒకసారి చూస్తారు, పెళ్లికొచ్చిన చుట్టాలకు చూపించడానికి మరోసారి వస్తారు, ఆపైన ఆ వీధిన పోతూ తల కూడా తిప్పరు. కొత్తగా నాలుగు వారాల ప్రదర్శన ఏదైనా పెడితేనే మళ్లీ గుమ్మం తొక్కుతారు. అప్పుడే నన్ను స్టోరు గదిలోంచి బయటికి లాగుతారు.

నా వయసు తెలియాలంటే అంచు గీకి చూడాలి. ప్రదర్శన అయిపోగానే మేకులు పీకి, చిల్లుల్లో పుట్టీ కూరి, ఉప్పుకాగితం పట్టి, రోలరుతో కొత్త రంగు వేస్తారు. నిన్నటికి పదకొండు పూతలు.

మొదటి పూత ఎరుపుకు దగ్గరి రంగు, చేర్యాల పటం కోసం. ఖాదీ గుడ్డకు చింతగింజల జిగురు, సుద్దమట్టి పట్టించి, దాని మీద నకాశీలు గీసే బొమ్మలవి. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెప్పేది ఇలాంటి పటం విప్పుకుంటూనే. కథ నడిచేకొద్దీ చుట్ట విచ్చుకోవాలి. నేనేమో ఎనిమిదడుగులు. కథ సగంలోనే నేల తగిలింది, మిగతాది చుట్టలోనే ఉండిపోయింది. ఒక ముసలమ్మ చుట్ట వైపు చూస్తూ, "తర్వాతేం జరిగిందమ్మా?" అని అడిగింది. క్యూరేటరమ్మ దగ్గర జవాబు లేదు. మర్నాటి నుంచి వారానికోసారి పటాన్ని కాస్త ముందుకు జరపడం మొదలుపెట్టారు. ముసలమ్మ నాలుగు వారాలూ వచ్చింది, చివరి వారం మనవళ్లను వెంటేసుకుని.

శ్రీకాళహస్తి కలంకారీ వచ్చినప్పుడు తగువంతా వెలుతురు దగ్గరే. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరేసిన గుడ్డ మీద, బెల్లంలో ఇనుప ముక్కలు ఊరవేసి తీసిన నలుపుతో గీతలు గీస్తారు. చెట్ల నుంచి తీసిన రంగులు దీపం ముందు నిలవవు. ఇలాంటి గుడ్డలకు 50 లక్సులు మించకూడదంటారు. ఆఫీసు గదికి సిఫారసు చేసే వెలుతురులో అది పదో వంతు.

"కరెంటు పోయిందాండీ?" వచ్చినవాళ్లందరిదీ ఇదే ప్రశ్న.

"లేదండీ, గుడ్డ రంగు పోతుందని తగ్గించారండీ," అని అటెండరు.

"మరి టిక్కెట్టు డబ్బులు తగ్గించలేదేమండీ?"

రంగు ఒకసారి పోతే ఏ చీకటీ దాన్ని తిరిగి తేలేదు. అందుకే ఈ గుడ్డల్ని కొన్ని నెలలు చూపించి, మళ్లీ పెట్టెలో పడుకోబెడతారు. ఎప్పుడూ గోడ మీదే ఉంచితే బాగుంటుందని అడిగేవాళ్లకు ఇది చెప్పాలని నాకు నోరు దురద.

నిమ్మలకుంట తోలుబొమ్మలది దానికి పూర్తిగా ఎదురు తంతు. మేకతోలును గీకి పలచన చేసి, రెండు వైపులా రంగులద్ది, చిల్లులు పొడిచిన బొమ్మకు వెనక దీపం లేకపోతే అది ఒట్టి తోలు. నా మీద మేకు కొట్టి తగిలిస్తే హనుమంతుడు నల్లగా ముడుచుకుపోయాడు. వడ్రంగిని పిలిపించారు. అతను రంపంతో నా కడుపులో రెండడుగుల కిటికీ కోసి, వెనక బల్బు పెట్టాడు. నొప్పి సంగతి అడక్కండి. కానీ బల్బు వెలగగానే బడి పిల్లలు పెట్టిన కేక ఇప్పటికీ నా రీపర్లలో ఉంది. మామూలుగా బొమ్మ నడుము నేలకు నాలుగడుగుల తొమ్మిదంగుళాల ఎత్తున ఉండాలని లెక్క. అది పెద్దవాళ్ల కళ్లకు వేసిన కొలత. ఆ ఒక్కసారి వడ్రంగి పిల్లల ఎత్తు కొలిచి కోశాడు. ఆ కిటికీని ఏ పుట్టీ పూడ్చలేకపోయింది, ఇప్పుడు దానికి పైనొక చెక్క బిగించారు.

ప్రారంభోత్సవాల గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. రిబ్బను, శాలువాలు, ఫొటోలు. వచ్చిన పెద్దలు బొమ్మకు వీపు పెట్టి నిలబడతారు. ఒకసారి దాత పేరున్న ఫ్లెక్సీ నా మీది బొమ్మకన్నా పెద్దది.

నాకు సిగ్గేసిన రోజొకటుంది. దామెర్ల రామారావు బొమ్మల ప్రదర్శన పెట్టారు. 1925లో మశూచి సోకి, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయిన చిత్రకారుడు. ఆయన పేరున రాజమహేంద్రవరంలో గ్యాలరీ ఉంది, అసలు బొమ్మలు చూడాల్సింది అక్కడే. అసలువి బయటికి కదలాలంటే బీమా కావాలి, రాత్రి కాపలా కావాలి, గదిలో తేమ నిలకడగా ఉండాలి. మా ఇటుక గోడ శ్రావణంలో చెమరుస్తుంది. అందుకని అచ్చు కాపీలు ఫ్రేము కట్టించి తగిలించారు. చీటీ మీద మాత్రం ఆ మాట రాయలేదు.

ఒక డ్రాయింగు మాస్టారు 'సిద్ధార్థ రాగోదయం' ముందు చాలాసేపు నిలబడ్డారు. కళ్లద్దాలు పైకి నెట్టి, ముక్కు ఆనేంత దగ్గరగా వంగారు. అచ్చు చుక్కలు కనిపించాయి కాబోలు.

"ఏమ్మా, ఇది ప్రింటేనా?"

"అవునండి మాస్టారూ," అంది క్యూరేటరమ్మ తలొంచుకుని.

ఆయన కోప్పడలేదు. జేబులోంచి పెన్సిలు తీసి ఆమె చేతికిచ్చారు. ఆమె అక్కడే చీటీ మీద 'నకలు' అని రాసింది. ఆ ఆదివారమే ఆయన తొమ్మిదో తరగతి పిల్లల్ని బస్సెక్కించి రాజమహేంద్రవరం తీసుకెళ్లారట. నా పదకొండు పూతల్లో నాకు గుర్తుండిపోయే ప్రదర్శన అదే.

ఇవాళ పొద్దున మళ్లీ నన్ను లాగారు. పన్నెండో పూత, బూడిద రంగు. ఈసారి మా ఊరి చేనేతవాళ్ల మగ్గాల ఫొటోలు, ఎల్లుండి నుంచి నాలుగు వారాలు. పిల్లల్ని తీసుకురండి, కొన్ని ఫొటోలు కిందకే కొడుతున్నారు. నా మీద మాత్రం చెయ్యి వేయకండి, రంగింకా ఆరలేదు.